వివరంగా రాయడం అంటే ఎంత రాయాలి?

ఫోన్‌లో తెలుగు టైపింగ్ తేలికయ్యాక నల్లగొండ, పాలమూరు వైపు రాసేవాళ్ళు బాగా పెరిగారు. నాయినమ్మ ముచ్చట్లు, సర్కారు బడి, బొంబాయి పోయిన మేనమామ, ఎండిన బోరు, ఇలా ఇన్నాళ్ళూ అరుగుల మీద చెప్పుకున్నవన్నీ రాతలోకి వస్తున్నాయి. మంచి సంగతే. అయితే కొత్తగా రాసేవాళ్ళకు రెండు సలహాలు తప్పకుండా ఎదురవుతున్నాయి. ఒకటి: "ఇంకొంచెం వివరంగా రాయి, కళ్ళకు కట్టాలి." రెండోది: "వర్ణన ఎక్కువైంది, తగ్గించు." ఒక్కోసారి ఈ రెండూ ఒకే కథకు, ఒకే వారంలో వస్తాయి. రాసినవాళ్ళకు టెన్షన్ పట్టుకుందంటే వింతేమీ లేదు.

ఇద్దరు సలహాదారులూ తప్పు చెప్పడం లేదు. మొదటివాళ్ళు అడుగుతున్నది ఆ రాతలో లేదు. రెండోవాళ్ళు తీసెయ్యమంటున్నది అవసరానికి మించి ఉంది. ఈ రెండూ వేరువేరు సరుకులు. ముందు వాటిని విడదీసి చూద్దాం.

తీర్పు ఇచ్చే మాటలు, ఆధారం చూపే మాటలు

"మా నాయినమ్మ చాలా కష్టజీవి. ఆమె బతుకంతా కన్నీళ్ళే." ఈ రెండు వాక్యాలు చదివినవాళ్ళకు ఆ ముసలమ్మ గురించి కొత్తగా ఏమీ తెలియదు. రాసినవారు ఆమె గురించి ఏమనుకుంటున్నారో మాత్రం తెలుస్తుంది. "వివరంగా రాయి" అన్న సలహా విని దీన్నే పెంచితే ఇలా తయారవుతుంది: "రాత్రనక పగలనక రెక్కలు ముక్కలు చేసుకున్న ఆ మహాతల్లి, ముడతలు పడిన మోములో మమతను నింపుకున్న ఆ త్యాగమూర్తి..." పొడవు మూడింతలయింది, సమాచారం అంగుళం కూడా కదల్లేదు. "తగ్గించు" అనేవాళ్ళు చిరాకు పడేది దీనికే.

ఇప్పుడు ఇది చూడండి. "నాయినమ్మ కుడి బొటనవేలికి గోరు సగమే ఉండేది. విత్తనపు పల్లికాయ ఒలిచే కూలికి పోయి పోయి అది అట్లా అరిగింది. పెండ్లిళ్ళలో ఎవరైనా చెయ్యి పట్టుకుంటే బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకునేది." ఇందులో కష్టం అన్న మాట లేదు, కన్నీరు లేదు. విత్తనానికి పెట్టే పల్లికాయను గింజ పగలకుండా చేత్తో ఒలవాలని తెలిసినవాళ్ళకు ఇంకా ఎక్కువ అర్థమవుతుంది. తెలియనివాళ్ళకు కూడా ఆ ముడుచుకున్న వేలు అర్థమవుతుంది. ఆమె కష్టజీవి అన్న నిర్ణయానికి పాఠకులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

మొదటి రకం మాటలు రాసినవారి తీర్పు. రెండో రకం మాటలు ఆ తీర్పుకు దారితీసిన ఆధారాలు. ఈ వ్యాసంలో వివరం అన్నప్పుడల్లా నేననేది రెండోదాన్నే. విశేషణాలన్నీ చెడ్డవని దీని అర్థం కాదు. "సగం గోరు"లో సగం కూడా విశేషణమే. కాకపోతే చూసి సరిచూసుకోగల విశేషణం. "మమత నిండిన మోము"ను సరిచూసుకోవడం ఎవరివల్లా కాదు.

ఇంకో కోణం కూడా ఉంది. మాటలకు మెట్లుంటాయి. వాహనం, బస్సు, ఆర్టీసీ బస్సు, బొంబాయి పోయే ఆర్టీసీ బస్సు, అందులో వెనక చక్రం మీది సీటు. ఒక్కో మెట్టు దిగినకొద్దీ బొమ్మ తేటపడుతుంది. అలాగని అడుగుదాకా దిగాల్సిన పని లేదు. బస్సు రిజిస్ట్రేషన్ నెంబరు అన్నిటికంటే కచ్చితమైన వివరమే, కానీ కథలో అది ఎవరికీ పనికిరాదు. వెనక చక్రం మీది సీటు దగ్గర ఆగితే సరిపోతుంది, ఎందుకంటే రాత్రంతా అక్కడ కూర్చున్నవాడి నడుము సంగతి మనకు వెంటనే తడుతుంది.

ఎవరి కళ్ళతో చూస్తున్నామో తేలితే సగం పని అయినట్టే

ఎక్కడ ఆగాలన్నది ఎట్లా తెలుస్తుంది? నా మటుకు నాకు దొరికిన నమ్మకమైన కొలత ఒక్కటే: ఆ క్షణంలో అక్కడ ఉన్న మనిషికి ఏది కనబడుతుంది? రాసేవారికి కాదు, ఆ మనిషికి.

మహబూబ్‌నగర్ బస్టాండ్, పొద్దుగూకే వేళ. పాలమూరు కూలీలు తరాలుగా వలసపోతున్నారు. దేశంలో ఎన్నో డ్యాములు, రోడ్లు, కాలువలు వాళ్ళు తట్టలు మోసి కట్టినవే. "పాలమూరు లేబర్" అన్న పేరే పడిపోయింది. అట్లా పోతున్న ఒక గుంపు బొంబాయి బస్సు కోసం నిలబడి ఉందనుకుందాం. అదే ప్లాట్‌ఫారం, అదే వెలుతురు.

మొదటిసారి పోతున్న పందొమ్మిదేండ్ల పిలగాడికి ఏం కనబడుతుంది? పాతవాళ్ళందరి దగ్గర మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్ ఉంది, అందులోనే సామాను సర్దుకున్నారు. తన దగ్గర కాలేజీ బ్యాగు ఉంది. కూలీలను పనికి తీసుకుపోయే గుంపుమేస్త్రీ అందరి పేర్లూ పిలుస్తున్నాడు, తనను మాత్రం "ఏయ్ కొత్తోడా" అంటున్నాడు.

సాగనంపడానికి వచ్చిన తల్లికి ఆ బకెట్లు కనబడవు. రొట్టెల మూట ముడి గట్టిగా పడిందా లేదా అని చూస్తుంది. కొడుకు చొక్కా రెండో గుండీ దారం వేలాడుతోంది. పొద్దున్నే కుట్టాల్సింది. అడ్వాన్సు ఇచ్చిన రోజు వేసుకున్న చొక్కానే మేస్త్రీ ఈరోజూ వేసుకున్నాడన్నది కూడా ఆమె గమనిస్తుంది.

కండక్టర్‌కు ఈ రెండూ అనవసరం. బియ్యం సంచులు ఎన్ని, డిక్కీలో పడతాయా, చంటిపిల్లను ఎత్తుకున్నామె చీర చాటున ఇంకో పిల్లవాడు ఉన్నాడా, వాడికి టికెట్ పడుతుందా.

ముగ్గురిలో ఒక్కరూ ఆకాశం వంక చూడలేదు. ఈ దృశ్యాన్ని కొత్తవాళ్ళు రాస్తే మాత్రం మొదటి వాక్యంలోనే పడమటి దిక్కు ఎర్రబడుతుంది. అది బస్టాండ్‌లో ఉన్నవాళ్ళకు కనబడిన ఎరుపు కాదు, కుర్చీలో కూర్చుని రాస్తున్నవారు కథ మొదలుపెట్టడానికి వాడుకున్న ఎరుపు. గుండీ దారం గురించి రాస్తే ఆ దారం ఎట్లా ఉందో తెలియడంతో పాటు చూస్తున్న తల్లి ఎటువంటిదో కూడా తెలుస్తుంది. ఒకే వాక్యం రెండు పనులు చేస్తోంది. పడమటి ఎరుపు ఒక్క పని కూడా సరిగా చేయడం లేదు.

వెయ్యేళ్ళ కిందటి వాదన

ఇదేదో ఇప్పటి రైటింగ్ వర్క్‌షాపుల్లో పుట్టిన గొడవ అనుకునేవాళ్ళున్నారు. మన అలంకారశాస్త్రంలో ఇదంతా ఎప్పుడో నలిగింది. వస్తువు స్వభావాన్ని ఉన్నదున్నట్టు చెప్పే స్వభావోక్తిని సంస్కృత ఆలంకారికుడు దండి అలంకారాల జాబితాలో మొట్టమొదట పెట్టాడు. ఆయన తర్వాత వచ్చిన ఇంకో ఆలంకారికుడు కుంతకుడు దీన్ని ఒప్పుకోలేదు. వస్తువు స్వభావం కావ్యానికి శరీరం వంటిది, శరీరమే నగ అయితే ఆ నగను పెట్టుకునేదెవరు, ఎవరైనా తన భుజం మీద తానే ఎక్కగలడా అని అడిగాడు. ఉన్నది చెప్పడం మొదటి మెట్టు మాత్రమేననీ, చెప్పే తీరులో వంపు ఉంటేనే కావ్యమవుతుందనీ అతని వాదం.

ఇద్దరి మాటల్లోనూ బలముంది. నాయినమ్మ గోరు ఉదాహరణను దండి మెచ్చుకుంటాడనుకుంటాను. కుంతకుడైతే "గోరు సరే, వేలు పిడికిట్లోకి ముడుచుకుందే, పస అంతా అక్కడుంది" అంటాడేమో. మరో ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఇంకో వైపు నుంచి వచ్చి ఔచిత్యం, అంటే ఎక్కడ ఏది తగునో అది, అన్నాడు: వడ్డాణం మెడలో, హారం నడుముకు పెట్టుకుంటే నవ్వుతారు కదా అని. "ఎంత రాయాలి" అన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు "ఎక్కడ రాస్తున్నావు" అన్న ఎదురుప్రశ్న.

మహాకావ్యంలో నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం వంటి పద్దెనిమిది వర్ణనలు ఉండాలన్న లెక్క కూడా మన దగ్గర ఉండేది. కథకు కావాలా వద్దా అన్నది పక్కనపెట్టి ఈ పద్దులు నింపిన కవులు తక్కువమందేమీ కారు. అదే కావ్యాల్లో ఏ మూలనో దొర్లిన తిండి, బట్టలు, నగలు, ఆటలు, తిట్లు వంటి చిల్లర వివరాలను ఏరుకుని పాలమూరు మట్టిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే దక్కింది. చంద్రోదయ వర్ణనల నుంచి అటువంటి చరిత్ర రాయడం ఎవరివల్లా అయ్యేది కాదు.

అరువు తెచ్చుకున్న దృశ్యాలు

మన వైపు రాతల్లో ఇంకో ఇబ్బంది ఉంది. "గలగల పారే సెలయేళ్ళు, కనుచూపు మేర పచ్చని పైరు" అని మొదలయ్యే "మా ఊరు" వ్యాసాలు దేవరకొండ నుంచీ వస్తాయి, మక్తల్ నుంచీ వస్తాయి. ఆ ఊళ్ళలో ఉన్నవి చెలక నేలలు, గుండ్రాళ్ళ గుట్టలు, సర్కారు తుమ్మలు, వానను నమ్ముకున్న కంది, ఆముదాలు. పాఠ్యపుస్తకాలూ సినిమాలూ డెల్టా పల్లెను "పల్లె"గా నిలబెట్టాయి కాబట్టి, సొంత ఊరిని తలచుకున్నా ఆ బొమ్మే ముందు వస్తుంది.

తొలకరి మట్టి వాసన సంగతి మరీ చిత్రం. ఈమధ్య చాట్‌బాట్‌లు రాసిపెట్టే వ్యాసాల్లో కూడా అది తప్పడం లేదు. ఆ వాసనకు ముఖ్య కారణం నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం. అది నల్లగొండలోనూ ఒకటే, నైరోబీలోనూ ఒకటే. "మా ఊరి మట్టి వాసన" అని రాసినప్పుడు మా ఊరిదైనది అందులో చాలా తక్కువ. ఆ వాన పడుతున్నప్పుడు ఎవరు ఏం చేస్తున్నారన్నది రాస్తే ఊరు బయటపడుతుంది. ఆరబెట్టిన కందుల మీదికి పట్టా లాగడానికి పరిగెత్తింది ఎవరు, పరిగెత్తకుండా అరుగు మీదే కూర్చున్నది ఎవరు?

తెలియకుండా కల్పించిన వివరం ఒక్కోసారి పచ్చి అబద్ధం కూడా అవుతుంది. దీనికి నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళను మించిన ఉదాహరణ లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల మీద వచ్చే కథల్లో "మురికి నీళ్ళు", "వాసన కొట్టే బోరు నీళ్ళు" అని తరచూ కనబడుతుంది. విషమన్నది కళ్ళకు కట్టాలని రాసినవారి ఉబలాటం. కానీ భూగర్భ శిలల్లోంచి నీటిలోకి దిగిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. దానికి ఎన్నో రెట్లున్న నీళ్ళు కూడా గ్లాసులో తళతళలాడతాయి. ఆ ఊళ్ళ బాధంతా అక్కడే ఉంది. చూడ్డానికి బాగున్న నీళ్ళు కాబట్టే తరాల తరబడి తాగారు. మురికి నీళ్ళని రాసినవారు దృశ్యాన్ని గట్టిగా చూపించబోయి అసలు విషయాన్ని చెరిపేశారు.

మరి కంటికి కనబడనిదాన్ని ఎట్లా చూపించాలి? ఈ నీళ్ళతో వచ్చే ఫ్లోరోసిస్ అనే వ్యాధి పనిచేసే తీరు తెలిస్తే దారి దొరుకుతుంది. పళ్ళ మీద ఫ్లోరైడ్ మచ్చలు పడేది చిన్నతనంలో, శాశ్వత దంతాలు తయారవుతున్న ఏళ్ళలో. ఆ వయసు దాటాక ఆ ఊరికి వచ్చినవాళ్ళ పళ్ళకు మచ్చలు రావు. వాళ్ళ ఎముకలకు, కీళ్ళకు మాత్రం ముప్పు తప్పదు. ఇప్పుడొక పెండ్లి ఫోటో ఊహించండి. వేరే జిల్లా నుంచి వచ్చిన కోడలు పళ్ళు కనబడేలా నవ్వుతోంది. పక్కన పెండ్లికొడుకు, మరిది, ఆడబిడ్డ అందరూ పెదవులు మూసుకునే నవ్వుతున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాతి ఫోటోలో ఆమె పళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి, మెడ మాత్రం కెమెరా వైపు తిరగడం లేదు. నీళ్ళ గురించి ఒక్క విశేషణం వాడకుండా నీళ్ళ కథంతా చెప్పొచ్చు.

పోచంపల్లి చీర సంగతీ ఇటువంటిదే. "రంగురంగుల చీర" ఏ చీరకైనా సరిపోతుంది. నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి, దారాలు కాస్త జరిగి డిజైను అంచులు గీత గీసినట్టుండవు, నూగు పట్టినట్టుంటాయి. ప్రింటు చీర అంచు కత్తిరించినట్టుంటుంది. షాపులో చీర తిరగేసి ఆ అంచును వేలితో తడిమే ఆడమనిషిని రాస్తే, ఆమె మగ్గం ఉన్న ఇంటి మనిషని వేరే చెప్పాల్సిన పని లేదు.

గుర్తులేని వివరాన్ని రాయొచ్చా?

కథలో ఈ ప్రశ్న లేదు. సొంత జీవితం గురించి రాసేటప్పుడే చిక్కు. ఆరేళ్ళ వయసులో తాత పోయిన రోజు ఆయన ఒంటిమీద ఏ రంగు కండువా ఉందో నిజంగా ఎవరికి గుర్తుంటుంది?

జ్ఞాపకం రికార్డింగ్ కాదని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాసార్లు చూపించారు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు ఎంత వేగంతో పోతున్నాయని అడిగారు. కొందరిని "తగిలినప్పుడు" అన్న మాటతో, కొందరిని "పచ్చడయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్నంత ఘాటు మాటతో అడిగారు. వారం తర్వాత, అక్కడ పగిలిన గాజు చూశారా అని ప్రశ్న. ఫిల్మ్‌లో గాజు పగలనే లేదు. మిగతావాళ్ళకంటే ఘాటు మాట విన్నవాళ్ళలో ఎక్కువమంది చూశామన్నారు. ఘాటు మాట లేని వివరాన్ని కూడా పుట్టించగలదన్నమాట. అందంగా రాయాలని కూర్చున్నప్పుడు మనకు మనమే ఆ ఘాటు మాటలు వేసుకుంటూ ఉంటాం.

1989లో బ్రాడ్ బెల్, లాఫ్టస్ చేసిన ఇంకో ప్రయోగం వివరానికున్న బలాన్ని చూపిస్తుంది. ఒక నమూనా కేసులో సాక్షి "ఏవో కొన్ని సరుకులు కొన్నాడు" అంటే ఒక రకంగా, ఆ సరుకుల పేర్లు చెప్తే ఇంకో రకంగా జ్యూరీ పాత్రలో ఉన్నవాళ్ళు స్పందించారు. సరుకులకు, నేరానికి సంబంధమే లేదు. అయినా పేర్లు చెప్పిన సాక్షిని ఎక్కువ నమ్మారు. వివరం దానంతటదే నమ్మిస్తుంది, నిజమైనా కాకపోయినా.

అందుకే ఇక్కడ రెండు పక్షాలున్నాయి. గుర్తున్నది మాత్రమే రాయాలి, ఆత్మకథ చదివేవారు నిజమన్న నమ్మకంతోనే చదువుతారు కదా అనేది ఒకటి. సంభాషణలు మాటకు మాట ఎవరికీ గుర్తుండవు, అనుభవం సారం నిజమైతే చాలు, కండువా రంగు కల్పించినా నష్టం లేదన్నది రెండోది. నేను మొదటి పక్షానికి కొంచెం దగ్గర. కల్పించిన వివరాలు పెద్దగా హాని చేస్తాయని కాదు, అవి ఎప్పుడూ ఊహించదగ్గవిగానే వస్తాయి కాబట్టి. తాతకు ఎర్ర కండువా కల్పిస్తాం. నిజంగా గుర్తున్నది మాత్రం వింతగా ఉంటుంది: ఆ రోజు ఎవరో మన చేతిలో క్రీమ్ బిస్కెట్ పెట్టారని, అది కరిగేదాకా తినలేదని. "కండువా రంగు గుర్తులేదు, బిస్కెట్ గుర్తుంది" అని రాయడం రెండు పక్షాలకూ ఒప్పుదలే. "తెల్లదే అయ్యుండాలి" అన్న ఒక్క క్రియతో కూడా పని జరుగుతుంది.

చెప్పేస్తే సరిపోయే చోట్లు

"చెప్పకు, చూపించు" అన్న సూత్రాన్ని పట్టుకుని ప్రతి వాక్యాన్నీ దృశ్యం చేసేవాళ్ళున్నారు. మన ఒగ్గుకథకుడు "పన్నెండేండ్లు గడిచిపాయె" అని ఒక్క ముక్కలో దాటేస్తాడు. ఆ తర్వాత ఒక్క ఏడుపు దగ్గర డోలు ఆపి చాలాసేపు నిలబడతాడు. అన్నీ చూపిస్తే ఏది ముఖ్యమో వినేవాళ్ళకు తెలియదు. పైగా పాఠకులందరికీ మనసులో బొమ్మ కట్టదు. అటువంటి ఊహాచిత్రాలే రానివాళ్ళ స్థితికి 2015లో నాడీ వైద్యుడు ఆడమ్ జీమన్, ఆయన సహచరులు అఫాంటేజియా అని పేరు పెట్టారు. అటువంటివాళ్ళు కథలు చదవరా అంటే చదువుతారు. వాళ్ళకు గుండీ దారం రంగు అక్కరలేదు, తల్లి దాన్ని గమనించిందన్న సంగతి చాలు.

వివరం మనిషిని పట్టించినప్పుడు

ఇక మిగిలింది అన్నిటికంటే కష్టమైనది. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో ఒంగిపోయిన మనిషిని ఎంత వివరంగా రాయాలి? రాయాల్సిందే, దాపరికం లేకుండా చూపించాల్సిందే అనేవారి మాటకు ఆధారం ఉంది. ఫ్లోరోసిస్ బాధితుల ఫోటోలు, వార్తలు బయటికి రావడం వల్లే సమస్య ఢిల్లీ దాకా పోయింది. దానికి ఎదురు వాదన, పదేపదే శరీరాన్నే రాస్తే ఆ మనిషికి శరీరం తప్ప ఇంకేమీ లేదన్నట్టు అవుతుందని. ఆయన రేడియో వింటాడు, అల్లుడితో గెట్టు తగాదా ఉంది, చాయిలో చక్కెర ఎక్కువ వేసుకుంటాడు. ఇవి రాయకుండా మోకాళ్ళు మాత్రమే రాసినవారు ఆయన్ను చూశారా, మోకాళ్ళను చూశారా?

పేరు మార్చేస్తే సరిపోతుందన్న ధీమా కూడా చిన్న ఊళ్ళ విషయంలో నిలవదు. రెండు వందల ఇండ్లున్న ఊళ్ళో "సగం గోరున్న ముసలమ్మ" అంటే చాలు, ఎవరో అందరికీ తెలుస్తుంది. వివరం ఎంత కచ్చితమైతే మనిషి అంత తేలిగ్గా పట్టుబడుతుంది. కొందరు గోరును పంటికి మార్చి రాస్తారు, అప్పుడు పల్లికాయ కూలి ఆధారం పోతుంది. కొందరు ఇద్దరు ముగ్గురు మనుషుల్ని కలిపి ఒకరిని చేస్తారు. కథకు అది చెల్లుతుంది, ఆత్మకథ అని వేసుకుంటే చెల్లదు. ఇంకొందరు రాసింది ముందుగా ఆ మనిషికే చదివి వినిపిస్తారు. చదువు రాని నాయినమ్మకు వినిపిస్తే "గోరు సంగతి ఎందుకు రాసినవు, తీసెయ్" అనొచ్చు. అప్పుడు తీసెయ్యాలా వద్దా అన్నది ఆ ఇంట్లో తేలాల్సిన సంగతి.